రన్‌వే ఉన్న చోట పార్కు

కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్న గ్రేట్ పార్కుకు మొన్న వెళ్ళి వచ్చినప్పటి నుంచి నా ఆలోచనలు ఆ నేల చుట్టూనే తిరుగుతున్నాయి. అక్కడే ఉండి 1999లో మూతపడిన ఎల్ టోరో మెరైన్ సైనిక వైమానిక స్థావరాన్ని పౌర విమానాశ్రయం చేయాలని కౌంటీ పాలకులు పట్టుబట్టగా, చుట్టుపక్కల జనం ఏళ్ళ తరబడి ఎదురు నిలిచారు. చివరికి 2002 మార్చిలో ఓటర్లే పార్కు వైపు తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది.

అయితే ఓటు వేసినంత త్వరగా పార్కు తయారుకాదు. నేలలోకి, భూగర్భ జలాల్లోకి ఇంకిన పాత ద్రావకాలను శుభ్రం చేయాలి, మందపాటి కాంక్రీటును పగలగొట్టాలి, అన్నిటికీ మించి డబ్బు సమకూరాలి. భూమి కొన్న బిల్డర్లు కట్టి అమ్మే ఇళ్ళతో ముడిపడిన ఆ డబ్బు లెక్క గృహ మార్కెట్ పతనంతో తలకిందులై, 1,300 ఎకరాలకు పైబడిన ప్రణాళికలో చాలా భాగం ఏళ్ళ పాటు కాగితాల మీదే ఉండిపోయింది.

2007లోనే వచ్చిన నారింజ రంగు బెలూన్ మాత్రం, ఉక్కు తాడు ఆధారంగా, జనాన్ని సుమారు 400 అడుగుల ఎత్తుకు తీసుకువెళ్ళేది. విమానాలు నిలిపే పాత హ్యాంగర్‌ను కూల్చకుండా కొత్త అవసరాలకు మలచడం నాకు బాగా నచ్చింది. ఆట మైదానాల కంటే ముందు నీడనిచ్చే చెట్లను ఇంకా విరివిగా నాటి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.