రంగు డబ్బా మూత తీయడానికి ముందు

రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) బొమ్మలు ముక్కల కిట్‌గా వస్తాయి, మనమే అతికించి రంగేసుకోవాలి. నా మొదటి బొమ్మకి కడక్కుండానే ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, కొట్టేశా. బెల్టు అంచు గీత నీట్‌గా రావాలని మాస్కింగ్ టేప్ అంటించి లాగితే, నడుం దగ్గర రంగంతా టేప్‌తో పాటు పొరలా ఊడొచ్చింది. పోత పోసేటప్పుడు ముక్క తేలిగ్గా ఊడి రావాలని సిలికాన్ అచ్చుకి రిలీజ్ ఏజెంట్ పూస్తారు, ఆ జిడ్డు బొమ్మ మీదే ఉండిపోయింది మరి.

అందుకని ఈసారి సమురాయ్ (పాతకాలపు జపాన్ యోధుడు) కిట్ రాగానే పద్నాలుగు ముక్కల్నీ గోరువెచ్చని నీళ్లు, విమ్ లిక్విడ్, పాత టూత్‌బ్రష్‌తో తోమేశా. అమ్మ చూసి "అంట్ల మీద ఎప్పుడూ లేదే ఈ శ్రద్ధ" అంది. సింక్‌లో మాత్రం కడక్కండి, చిన్న చెయ్యి ముక్క ఒకటి కాలవలోకి జారితే అంతే సంగతులు, బేసిన్ పెట్టుకోండి.

కత్తి పచ్చిమిరపకాయలా వంగిపోయి వచ్చింది. బెజవాడ మే నెల ఎండలో కొరియర్ బండిలో తిరిగిన సన్న ముక్క వంగకుండా ఎలా ఉంటుంది? బాగా వేడి నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక గాజు పలక మీద తిన్నగా నొక్కిపట్టి చన్నీళ్లు పోశా, నిలబడింది.

అచ్చు రెండు సగాలు కలిసే చోట పడే గీత కంటికి సరిగ్గా ఆనదు, గోరుతో రాస్తే తెలుస్తుంది. దాన్ని బ్లేడుతో గీకి, ఆటోనగర్‌లో కార్ల పెయింటర్లు కొనే షాపులో తెచ్చిన వాటర్ పేపర్‌తో, ముందు 400 నంబరుది, తర్వాత ఇంకా నునుపైన 600 నంబరుది, నీళ్లలో తడుపుతూ రుద్దా. నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడతాయి. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి పొడిగా రుద్దకండి, రంపంతో కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

అసలు తంటా భుజం దగ్గర. ప్లాస్టిక్ కిట్లకి వాడే 'సిమెంట్' అనే జిగురు ప్లాస్టిక్‌ని కరిగించి అతుకుతుంది, రెజిన్‌ని కరిగించలేదు. ఫెవిక్విక్ పట్టుకుంటుంది గానీ బరువైన చెయ్యి దాని ఒక్కదాని మీద ఎంతకాలం ఆగుతుంది? అందుకే లోపల జెమ్ క్లిప్ తీగ పెట్టాలి. రెండు వైపులా బెజ్జాలు ఎదురెదురుగా రావాలంటే ఒక వైపు మధ్యలో రంగు చుక్క పెట్టి రెండో ముక్కని దాని మీద ఒత్తాలి, చుక్క అంటిన చోటే డ్రిల్ చెయ్యాలి. నేను చుక్క ఎక్కువ పెట్టి, అది పాకి, ఒక బెజ్జం తప్పుగా వేసి, మళ్లీ ఎంసీల్‌తో పూడ్చుకున్నా. పక్కనే కొండపల్లిలో కూడా తెల్ల పొణికి చెక్కతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకుతారు, రంగుకి ముందు సున్నం పూత. వాళ్ల చేతులు నాలా వణకవనుకోండి.

ప్రైమర్ మిట్టమధ్యాహ్నం మేడ మీద కొట్టకండి. వేడికి, గాలికి దారిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వర్షం రోజు కొడితే తెల్లగా మసకేస్తుంది. నేను పొద్దున్నే ఏడింటికి, పల్చగా రెండు పూతలు కొట్టా.

బూడిద రంగు ప్రైమర్ ఆరాక చూస్తే భుజం అతుకు వెంట్రుకంత గీతగా కనిపిస్తోంది, గడ్డం కింద సూది బెజ్జాలు మూడు. లప్పం పెట్టి ఆరబెట్టా. రేపు మళ్లీ వాటర్ పేపరే.