వెనక సీట్లో మూడు నెలలు

గొట్టంలోకి ఊదమన్నారు. ఊదాను, బుగ్గల్లో గాలితో. ఎస్సైగారికి ఇలాంటి ఊదుళ్లు రోజూ అలవాటే కాబోలు, నవ్వకుండానే "కొవ్వొత్తి ఆర్పినట్టు కాదండి, కడుపులోంచి రావాలి" అన్నారు. రెండోసారి ఊదితే మిషన్ కుయ్‌మంది. 84 పడింది.

2023 డిసెంబరు మొదటివారం అది. నరసన్నపేటలో మా బావమరిది కొత్తింట్లో పాలు పొంగించాడు. మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం మేడమీద మగవాళ్ల సభ. కార్తీకమాసమని మాంసం ఎవరూ ముట్టలేదు. మందుకి మాత్రం ఎక్కడో మినహాయింపు దొరికింది. నేను మూడు పెగ్గులు వేశాను. ఆఖరిది ఎనిమిదింటికి, బయల్దేరింది తొమ్మిదిన్నరకి. ఆ మధ్యలో రెండు గ్లాసుల మజ్జిగ తాగాను, నిమ్మకాయ చప్పరించాను, చన్నీళ్లతో మొహం కడుక్కున్నాను. "నువ్వు తాగినట్టే లేవు బావా" అని బావమరిది సర్టిఫికెట్టు కూడా ఇచ్చాడు. వాడు నాకంటే రెండు పెగ్గులు ముందున్నాడని అప్పుడు తట్టలేదు.

కారులో మా ఆవిడ, మా అమ్మాయి చిన్ని. మడపాం టోల్‌గేటు దాటాం, వంశధార వంతెన దాటాం, సింగుపురం దగ్గరికి వచ్చేసరికి బారికేడ్లు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు అని ఎస్సైగారు చెప్పారు. నాది దానికి మూడు రెట్లకు కాస్త తక్కువ.

"బండి నడిపేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. మా ఆవిడకి రాదు. చిన్నికి పద్దెనిమిది నిండి రెండు నెలలే అయింది, లైసెన్సు లేదు. కారు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మేం ఆటోలో శ్రీకాకుళంలోని మా ఇల్లు చేరాం. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర చిన్ని మెల్లగా అంది: "నాన్నా, వంతెన మీద రెండుసార్లు ఎడం పక్కకి వెళ్లిపోయావు. రెయిలింగ్‌కి ఇంతే ఉంది." చేత్తో జానెడు చూపించింది. నాకు అదేమీ గుర్తులేదు. ఆ రాత్రి నన్ను బాగా కుదిపింది పోలీసులూ కాదు, కేసూ కాదు, ఆ జానెడే. నా దృష్టిలో నేను ఆ వంతెన మీద తిన్నగా, మహా జాగ్రత్తగా నడిపాను.

రెండు రోజుల తర్వాత స్టేషన్లో కౌన్సెలింగ్. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకు రమ్మన్నారు. నాలాంటివాళ్లం ఓ పదిహేను మందిమి, పక్కన భార్యలో తండ్రులో. నా పక్క కుర్చీలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, వాడి పక్కన వాళ్ల నాన్న. ఆయన ఆ గంటసేపూ నేలచూపే. చెప్పినవాటిలో సగం తెలిసినవే. తెలియనిది ఒకటుంది: మజ్జిగ, నిమ్మకాయ, కాఫీ, చన్నీళ్లు, ఇవేవీ రక్తంలోని మందుని ఒక్క చుక్క కూడా తగ్గించవట. లివరు తన పద్ధతిలో తను నెమ్మదిగా కరిగించుకుంటుంది, మనం తొందరపెడితే తొందరపడదు. ఇంకోటి, మందు కాళ్లూ చేతుల్ని తడబడేట్టు చేసేలోపే మన లెక్కల్ని చెడగొడుతుందట. అంటే 'నేను బాగానే ఉన్నాను' అని తేల్చే బుర్రే ముందు పాడవుతుంది. మేడ దిగుతూ నేను చేసిన పరీక్ష అంతా ఆ పాడైన బుర్రతోనే చేశానన్నమాట.

కోర్టు సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. పది రోజులకి పిలుపు వచ్చింది. ఒప్పుకున్నాను. 10,000 రూపాయలు జరిమానా. మొదటి తప్పుకి ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చని అక్కడే తెలిసింది. అది వెయ్యలేదు. లైసెన్సుని పోలీసులు ఆ రోజే తీసుకుని రవాణా శాఖకి పంపారు. అక్కడినుంచి నోటీసు వచ్చింది, జవాబు రాసిచ్చాను, మూడు నెలలు సస్పెండ్ చేశారు. ఆ మూడు నెలలూ అయ్యాక కూడా వాహన చోదకుల పునశ్చరణ శిక్షణ ముగిస్తేనే కార్డు చేతికిస్తారట. జవాబులో 'ఎరువుల దుకాణం, ఊళ్ల మీద తిరగాలి' అని రాశాను. అందుకే కదా ఇంకా జాగ్రత్తగా ఉండాలి అన్నట్టు చూశారు అక్కడి ఉద్యోగి.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. సంక్రాంతి సెలవుల్లో చిన్నికి కారు నేర్పిస్తానని ఎప్పటినుంచో మాట ఇచ్చాను. ఆన్‌లైన్లో అర్జీ పెట్టాం. రోడ్డు భద్రత వీడియో చూసింది, కంప్యూటర్ పరీక్ష రాసింది, ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) వచ్చింది. తెల్ల అట్ట మీద ఎర్ర 'ఎల్' అక్షరం తానే కోసి అంటించుకుంది. తాళం తను తీసుకుని నాకు పక్క సీటు చూపించింది. అప్పుడు గుర్తొచ్చింది: ఎల్ బోర్డు పెట్టుకున్నవాళ్ల పక్కన చెల్లే లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి. నాది చెల్లదు. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాణ్ణి, కన్నకూతురి పక్కన కూర్చునే అర్హత కూడా లేదు.

డ్రైవింగ్ స్కూల్ మాస్టారుని మాట్లాడాం. యాభై దాటిన మనిషి, ఇచ్ఛాపురం నుంచి చెన్నై దాకా లారీ తోలి తోలి ఇటొచ్చారు. ఆయన కారుకి రెండు బ్రేకులు, ఒకటి తన కాళ్ల దగ్గర. "సారూ, మీరూ రండి, ఎనక్కి కూకోండి. పిల్లకి దైర్నం" అన్నారు. అలా చేరాను వెనక సీట్లోకి.

వెనక సీట్లోంచి రోడ్డు వేరేగా కనిపిస్తుంది. ముందు కూర్చున్నప్పుడు నేను రోడ్డునే చూస్తున్నానని నా నమ్మకం. వెనకనుంచి చూస్తే డ్రైవరు ఎక్కడ చూస్తున్నాడో కూడా కనిపిస్తుంది. మొదటి వారం ఆర్ట్స్ కాలేజీ రోడ్డులో, తర్వాత గార మీదుగా కళింగపట్నం రోడ్డు. ఆ రోడ్డు సంగతి మా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, కుప్ప కదలకుండా చుట్టూ రాళ్లు పెడతారు, పగలు కనబడే రాళ్లు రాత్రి కనబడవు. మిగతా సగంలో మేకలు, సైకిళ్లు, ట్యూషన్‌కి ముగ్గురేసి స్కూటీల మీద పోయే పిల్లలు.

స్కూటీ అంటే ఒకటి ఒప్పుకోవాలి. చిన్ని పదో తరగతిలో ఉన్నప్పుడు ట్యూషన్‌కి స్కూటీ ఇచ్చి పంపింది నేనే. వీధిలో అందరూ పంపేవాళ్లు. 2019లో చట్టం మార్చాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి ఇచ్చిన పెద్దవాళ్ల మీదే కేసు, 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లకో పిల్లాడికో ఇరవై ఐదేళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. చిన్ని ఆనాడు దొరికిపోయి ఉంటే ఇవాళ ఈ ఎల్ బోర్డే ఉండేది కాదు. ఈ మాట మాస్టారు చెప్తుంటే చిన్ని అద్దంలోంచి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి వడ్ల కుప్పలు చూశాను.

పదో రోజున గార దారిలో చిన్ని ఫోను మోగింది. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుంది. తెర చూడ్డానికి తల వంచింది, ఎడం చేయి స్టీరింగ్ వదిలింది. మాస్టారు తన బ్రేకు నొక్కారు, కారు వడ్ల రాయికి బారెడు దూరంలో ఆగింది. ఆయన కేకలెయ్యలేదు. "అమ్మా, ఎవుల దగ్గర నేర్సినావు ఇది?" అన్నారు.

చిన్ని ఏమీ అనలేదు. అనక్కర్లేదు కూడా. ఫోను డ్యాష్‌బోర్డు మీద పెట్టడం, తెర చూడ్డానికి గడ్డం ఎడం భుజం మీదికి వాల్చడం, అన్నీ నావే. యూరియా లారీ వచ్చిందా, డీఏపీ ఎన్ని బస్తాలు అని బండి నడుపుతూనే మాట్లాడేవాణ్ణి. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని గేరు మార్చడం నాకో విద్య. చిన్నప్పుడు చిన్ని వెనక సీట్లో కూర్చుని ఇదంతా చూసింది. అంటే నేర్పడం ఏనాడో మొదలుపెట్టాను, ఎల్ఎల్ఆర్ రాకముందే.

మాస్టారు ఆ రోజు ఒక లెక్క చెప్పారు. అరవై స్పీడులో బండి సెకనుకి పదహారు మీటర్లు పైనే పోతుంది. "ఎవుడు ఫోన్ సేశాడో సూడ్డానికి మూడు సెకన్లు. అంటే ఒక కరెంటు స్తంభం కాణ్ణించి ఇంకో స్తంభం దాకా కళ్లు మూసుకుని తోలీసినట్టే." నన్ను కళ్లు మూసుకోమన్నారు. నడుపుతున్నది ఆయన, నేను వెనక సీట్లో. ఒకటి, రెండు, మూడు. తెరిచేసరికి ఇందాక ముందు కనిపించిన చింతచెట్టు వెనకబడిపోయింది. దాని కింద నిలబడ్డ ముసలాయన ఎప్పుడు రోడ్డు దాటాడో నాకు తెలియదు.

"మరి చెవిలో పెట్టుకునేది ఉంటే?" అనడిగాను, ఇయర్‌ఫోన్ గురించి. "సేతులు కాళీయే సారూ, బుర్ర కాళీ ఉండాల గదా" అన్నారు. ఆయనకి ఫోనొస్తే బండి పక్కకి ఆపి దిగి మాట్లాడతారు. తమాషా ఏంటంటే దిగి మాట్లాడితే ఏ మాటయినా నిమిషంలో అయిపోతుంది.

ఆయన జాబితాలో ఇంకోటి ఉంది, నేనెప్పుడూ ఆలోచించనిది: జలుబు మాత్ర. జనవరి చలికి చిన్నికి ముక్కు కారుతోంది, పొద్దున మాత్ర వేసుకుని వచ్చింది. మాస్టారు ఆ సంగతి వినగానే తాళం ఇవ్వలేదు. ఆ మాత్రల్లో చాలావాటికి నిద్రమత్తు ఉంటుంది, లారీ రోజుల్లో తన క్లీనరుకి అలాగే తూగు వచ్చేదట. ఆ రోజు క్లాసు ఇంజను బానెట్ తెరిచి చూపించడంతో సరి.

ఫిబ్రవరిలో హైవే ఎక్కించారు, చిలకపాలెం మీదుగా రణస్థలం వైపు. దండానపేట వచ్చేసరికి స్పీడు తగ్గించమన్నారు. ఎందుకో చిన్నికి తెలియదు, అప్పటికి తను ఏడేళ్ల పిల్ల. 2012 నవంబరు 2న మా జిల్లా నాయకుడు, కేంద్ర మంత్రిగా చేసిన ఎర్రన్నాయుడుగారి కారు ట్యాంకరుని ఢీకొన్నది అక్కడే. ఈసారి పాఠం మందు గురించీ కాదు, ఫోను గురించీ కాదు. రాత్రిపూట హైవే మీద పెద్ద బండ్లు ఎక్కడ మలుపు తీసుకుంటాయో ముందే చూసుకోవాలన్నది మాస్టారి పాఠం. మా జిల్లాలో ఆ ఊరు దాటేటప్పుడు ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు.

మొదటి టెస్టులో చిన్ని తప్పింది. రివర్సు చక్కగా చేసింది కానీ బయల్దేరేటప్పుడు ఇండికేటరు వెయ్యలేదు. ఏడ్చింది. రథసప్తమికి అరసవల్లి జనంతో ఊరు కిక్కిరిసింది, ఆ వారం బండి తియ్యలేదు. తర్వాత మళ్లీ వెళ్లి పాసయింది. తన లైసెన్సు వచ్చేసరికి నాది ఇంకా సస్పెన్షన్లోనే ఉంది. నెల రోజులపాటు ఇంట్లో చెల్లే లైసెన్సు ఉన్నది పద్దెనిమిదేళ్ల పిల్లకి మాత్రమే. ఎరువుల బిల్లులు వసూలు చేసుకోడానికి ఆదివారాలు అదే తిప్పింది.

ఏప్రిల్లో శిక్షణ ముగించాక నా కార్డు చేతికొచ్చింది. మందు మానేశానని చెప్తే అబద్ధం. తాగే రోజు తాళం తియ్యను, అంతే. మొన్న మళ్లీ నరసన్నపేట వెళ్లాం. బావమరిది మేడమీదికి పిలిచాడు. వెళ్లాను. కిందికి దిగేసరికి చిన్ని చెయ్యి చాపింది. "తాళం. ఫోను కూడా."

ఇచ్చాను, వెనక్కి ఎక్కాను. ఫోను మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. మడపాం దాకా మోగుతూనే ఉంది. దుకాణం కుర్రాడేమో, గోడౌన్లో ఏమైనా అయిందేమో అని నాకు లోపల పీకుతూనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే నాలుగు మిస్డ్ కాల్స్, నాలుగూ బావమరిదివే. అరిసెల డబ్బా అక్కడే మర్చిపోయామట.