దగ్గొస్తే భయం: ప్రోస్టేట్ తీసేశాక నా సంగతులు

ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. దానికి క్యాన్సర్ అనగానే అందరూ అడిగేది ఒకటే, "పూర్తిగా పోయిందా?" అని. పోయిందండీ, ఇప్పటిదాకా వచ్చిన రిపోర్టుల ప్రకారం పోయినట్టే. కానీ ఆపరేషన్ అయ్యాక చాలా కాలం నన్ను భయపెట్టింది క్యాన్సర్ కాదు, దగ్గు. దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా, గట్టిగా నవ్వినా కింద తడి. ఇది ఎవరూ పైకి చెప్పరు. గుండె ఆపరేషన్ అయితే చొక్కా గుండీలు విప్పి మరీ కుట్లు చూపిస్తాం, ఇదైతే "ఏదో చిన్న యూరిన్ ప్రాబ్లమ్" అని నసిగి మాట మార్చేస్తాం, మగాళ్ళం కదా. అందుకే ఆ తడి సంగతీ, పడగ్గది సంగతీ ఉన్నదున్నట్టు రాసేస్తున్నా. ఇబ్బందిగా అనిపిస్తే ఇక్కడితో ఆపెయ్యొచ్చు.

నాకు లక్షణాలంటూ ఏమీ లేవు. రాత్రిళ్ళు ఒకటికి రెండుసార్లు లేవడం ఉండేది గానీ వయసుతో పాటు ప్రోస్టేట్ మామూలుగా పెరిగినా అలాగే ఉంటుంది, అదే క్యాన్సర్ అనుకోవడానికి లేదు. ఏదో చెకప్‌లో పీఎస్‌ఏ 7.8 అని వచ్చింది, అంటే ప్రోస్టేట్ తయారుచేసే ఓ ప్రోటీన్ రక్తంలో ఎంతుందో చెప్పే అంకె. 4 దాటితే ఓసారి చూడమంటారు. ఆ ఒక్క నంబర్ చూసి బెంబేలెత్తిపోవాల్సిన పని కూడా లేదు, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతుంది, గ్రంథి పెద్దదైనా పెరుగుతుంది. డాక్టర్ కొన్ని వారాలాగి మళ్ళీ చేయించారు, తగ్గలేదు, ఎంఆర్‌ఐ తీస్తే పైరాడ్స్ 4 అని ఒక మచ్చ, అంటే 5కి 4 వంతు అనుమానించాల్సిందే. తర్వాత ముక్క తీసి బయాప్సీ చేస్తే గ్లీసన్ స్కోరు, అంటే కణాలు ఎంత ముదురో చెప్పే అంకె, 3+4, మొత్తం 7. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. 3+4 అన్నా 4+3 అన్నా కూడితే ఏడే గానీ రెండూ ఒకటి కాదు, ముందు రాసిన అంకె ఏదో ఆ రకం కణాలే ఎక్కువున్నాయని లెక్క, అందుకని 4+3 వాళ్ళది కాస్త ముదురు. స్కోరు 6 వచ్చినవాళ్ళలో చాలామందికి అసలు ట్రీట్‌మెంట్ మొదలుపెట్టకుండా పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐ, అవసరమైతే మళ్ళీ బయాప్సీ అంటూ గమనిస్తూ ఉంటారు.

ఈ గమనించడం మీద నాకు మొదట్లో నమ్మకం లేదు. ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చోవడమేంటి అనిపించేది. తర్వాత బ్రిటన్ వాళ్ళ ప్రొటెక్ట్ స్టడీ గురించి చదివా, 1643 మందిని మూడు గుంపులు చేసి ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, మూడోవాళ్ళని ఊరికే గమనిస్తూ 15 ఏళ్ళు చూశారు. 2023లో ఫలితం వచ్చింది, ఏ గుంపులో చూసినా ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల పోయినవాళ్ళు 3 శాతం అటూ ఇటూ మాత్రమే. వేరే చోటికి పాకడం మాత్రం గమనించిన గుంపులో దాదాపు రెట్టింపు ఉంది, అదీ చెప్పాలి. అంటే గ్రంథి దాటని క్యాన్సర్ అయితే రేపే కోసెయ్యాలన్నంత తొందర లేదు, నాలుగు చోట్ల అడిగి, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని తేల్చుకునేంత టైమ్ ఉంటుంది.

నేను ఆపరేషన్ అన్నా. మా బావగారికి నాకంటే ముందే వచ్చింది, ఆయన రేడియేషన్‌కి వెళ్ళారు, ఎవరు తెలివైన పని చేశారన్న వాదన మా ఇద్దరికీ ఇంకా తెగలేదు. ఆయనకి కోత లేదు, పైపు లేదు, కానీ రోజూ వెళ్ళి మూత్రాశయం నిండుగా పెట్టుకుని ఆ టేబుల్ మీద కదలకుండా పడుకోవాలి, నిండుగా ఉంటే పేగులు కాస్త పక్కకి జరిగి వాటికి రేడియేషన్ తక్కువ తగులుతుందట. ముందున్న పేషెంట్ లేటయితే ఆ బిగబట్టుకుని కూర్చోవడం ఉంది చూశారూ, అది పగవాడికి కూడా వద్దంటారు ఆయన. దాంతో పాటు హార్మోన్ ఇంజెక్షన్లు. మగ హార్మోన్ ఆగితే ఈ క్యాన్సర్ కుంచించుకుపోతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే ఆయన 1941లోనే చూపించాడు, 1966లో దానికే నోబెల్ ఇచ్చారు అని బావగారు కనిపించినవాళ్ళందరికీ పాఠం చెప్పేవారు. ఆ ఇంజెక్షన్ పనిచెయ్యడం మొదలయ్యాక మాత్రం పాఠాలు ఆగిపోయాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర లేదు, ఊరికే కళ్ళలో నీళ్ళు. మా అక్క ఫ్యాన్ స్పీడు పెంచి, "నెలసరి ఆగిపోయే వయసులో నాకిలా వచ్చినప్పుడు నువ్వు ఏసీ ఆపేసి దుప్పటి కప్పుకున్నావు గుర్తుందా?" అంది. బావగారు ఇప్పటికీ దానికి జవాబు చెప్పలేదు.

సరే నా సంగతి. రోబోటిక్ సర్జరీ. రోబో అంటే అదేదో దానంతటదే కోసేస్తుందనుకోకండి, పక్కన కన్సోల్ దగ్గర కూర్చుని సర్జనే నడిపిస్తాడు. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు ఓ అరడజను. లేచాక పొట్ట కంటే భుజం ఎక్కువ నొప్పి పుట్టింది, ఇదేంట్రా కోసింది ఒకచోట నొప్పి ఒకచోట అనుకుంటే, ఆపరేషన్‌కి పొట్టలో నింపిన గ్యాస్ వల్ల అలా ఉంటుందని నర్సమ్మ చెప్పింది. నడిస్తే తగ్గింది. అందుకే మర్నాడే లేపి నడిపిస్తారు, రక్తం గడ్డకట్టకుండా కూడా అదే మందు.

యూరిన్ బయటికి పోవడానికి పెట్టిన పైపు ఒకటి రెండు వారాలు ఉంటుంది. దాని గురించి ఎక్కువ రాయను, అలవాటైపోతుంది. బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందకే ఉండాలి, విరేచనానికి ముక్కితే బ్యాగ్‌లో కాస్త ఎర్రగా కనిపిస్తుంది, మామూలుగా కంగారు పడక్కర్లేదు, కానీ గడ్డలు గడ్డలుగా వచ్చినా, అసలు యూరిన్ రావడమే ఆగిపోయినా వెంటనే ఫోన్ చెయ్యాలి.

అసలు కథ ఆ పైపు తీసిన రోజు మొదలైంది. పైపు జారిపోకుండా లోపల ఉబ్బించిన బుడగలో ఉన్న నీళ్ళు సిరంజితో లాగేసి, గట్టిగా ఊపిరి తీసుకోండి అని సర్రున లాగేశారు. హమ్మయ్య అని మంచం దిగి నిలబడ్డా. నిలబడీ నిలబడగానే ట్యాప్ విప్పినట్టు సాక్సుల దాకా కారిపోయింది. నాకు తెలుస్తోంది, ఆపాలనీ ఉంది, ఆపడానికి అక్కడ ఏమీ దొరకట్లేదు. నర్సమ్మ ఏమీ అనకుండా ప్యాడ్ చేతిలో పెట్టి కర్టెన్ లాగింది. ఆ అమ్మాయి "అయ్యో" అనకపోవడం ఎంత గొప్ప సాయమో నాకు తర్వాత అర్థమైంది. ఆ రోజుకి ఇంటి నుంచే ప్యాడ్లు, ముదురు రంగు ప్యాంటు ఒకటి అదనంగా తీసుకెళ్ళండి.

ఇది ఎందుకవుతుందంటే, మూత్రాశయం కింద మనకి రెండు బిగింపులు ఉంటాయి. పైది ప్రోస్టేట్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది, గ్రంథితో పాటు అదీ చాలావరకు పోతుంది. ఇన్నేళ్ళూ ఆ పైది చేసిన పని ఇప్పుడు కిందది ఒక్కటే చెయ్యాలి, దానికి అలవాటు లేదు, బలం చాలదు. అందుకే పడుకున్నప్పుడు పొడిగా ఉంటుంది, పొద్దున్న ఫర్వాలేదు, సాయంత్రానికి ఆ కండరం అలిసిపోయి లీకవుతుంది. నాకు రాత్రిళ్ళు ముందు పొడిబారాయి, ఎక్కువమందికి అదే వరస. సాయంత్రం అయ్యేసరికి "పొద్దున్న బానే ఉన్నానే, మళ్ళీ మొదటికొచ్చిందే" అని ఏడుపు ముంచుకొచ్చేది, కారణం తెలిశాక ఆ బాధ సగం తగ్గింది.

కీగెల్ ఎక్సర్‌సైజులు, అంటే ఆ కింది కండరాలని బిగించి వదలడం, చెయ్యండి అని ఓ కాగితం ఇస్తారు. ఆ కాగితంతో పని జరగదండీ, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాల్సిందే, వీలైతే ఆపరేషన్‌కి ముందే. చాలామంది పిరుదులు బిగిస్తారు, పొట్ట లోపలికి లాగుతారు, ఊపిరి బిగబడతారు, అదేదీ కాదు. గ్యాస్ ఆపుకున్నట్టు, ధార మధ్యలో ఆపినట్టు లోపలికి పైకి లాగితే అంగం మొదలు లోపలికి కదిలి వృషణాలు కొంచెం పైకి లేస్తాయి, అద్దం ముందు నిలబడితే కనిపిస్తుంది కూడా, అది కరెక్టు. అయితే నిజంగా యూరిన్ పోసేటప్పుడు ఆపి ఆపి ప్రాక్టీస్ చెయ్యకూడదు, పైపు ఉన్నప్పుడు అసలు చెయ్యకూడదు. దీనికన్నా నాకు ఉపయోగపడింది ఇంకోటి, దగ్గు వస్తోందనగానే, కుర్చీలోంచి లేవబోయే ముందే, ముందుగా బిగించి ఆ తర్వాత దగ్గడం, లేవడం. మొదట్లో రోజంతా దాని మీదే ధ్యాస, ఇప్పుడు దానంతటదే బిగుసుకుంటోంది.

నీళ్ళు తాగడం తగ్గిస్తే లీక్ తగ్గుతుందని మా ఆవిడ ఫ్రెండ్ భర్త సలహా. వద్దు. చిక్కటి యూరిన్ మూత్రాశయాన్ని ఇంకా రేపెడుతుంది. కాఫీ టీలు తగ్గించుకోవచ్చు, అవి నిజంగానే తేడా చూపిస్తాయి.

తగ్గుతోందో లేదో తెలియడానికి ప్యాడ్లు తూకం వెయ్యమన్నారు, వాడినదాని బరువులోంచి పొడి ప్యాడ్ బరువు తీసేస్తే ఎన్ని గ్రాములు వస్తే సుమారుగా అన్ని ఎంఎల్ లీకైనట్టు. నేను ఉత్సాహంగా వంటింట్లో డిజిటల్ తూకం తెచ్చుకుంటే మా ఆవిడ చూసి, "అది అక్కడ పెట్టండి, మీది మీరు ఇంకోటి కొనుక్కోండి" అంది. కొన్నా. వారానికోసారి రాసుకునేవాణ్ణి, రోజు రోజుకీ చూస్తే పిచ్చెక్కుతుంది, నెల నెలకీ చూస్తే తగ్గడం కనిపిస్తుంది. చాలామందికి మూడు నెలల నుంచి ఏడాది లోపు అదుపులోకి వస్తుంది. ఏడాది దాటినా బాగా కారుతుంటే దానికీ ఆపరేషన్లున్నాయి, కృత్రిమ స్ఫింక్టర్ అని ఆ బిగింపు పని చేసే పరికరం ఒకటి పెడతారు, ఇంక నా బతుకింతే అని ప్యాడ్లతో సర్దుకుపోకుండా వెళ్ళి అడగాలి.

ఇక రెండోది. అంగస్తంభన నరాలు ప్రోస్టేట్‌కి రెండు పక్కలా అతుక్కుని వెళ్తాయి. వాటిని కాపాడుతూ తియ్యడం 1982లో ప్యాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ మొదలుపెట్టాడు, అంతకుముందు ఆపరేషన్ అయినవాళ్ళలో దాదాపు అందరికీ అది పోయేది. నాకూ "నరాలు కాపాడాం" అన్నారు. కాపాడారు నిజమే, కానీ కాపాడిన నరాలు కూడా కదిపినందుకు చాలాకాలం మొద్దుబారి ఉంటాయి, ఏడాదిన్నర రెండేళ్ళు కూడా పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. ఇంకోటి, వీర్యం ఇక రాదు, ఎందుకంటే అది తయారుచేసే గ్రంథులే లేవు. సుఖం మాత్రం తెలుస్తుంది, స్తంభన లేకపోయినా తెలుస్తుంది, ఈ రెండూ వేరువేరని నాకు ఈ వయసులో తెలిసింది. పిల్లలు కావాలనుకునే వయసువాళ్ళయితే ముందే వీర్యం దాచిపెట్టుకోవాలి.

స్తంభన కోసం మాత్రలు ఇచ్చారు. గుండెకి నైట్రేట్లు వాడేవాళ్ళు ఆ మాత్రలు ముట్టుకోకూడదు, బీపీ ప్రాణం మీదకొచ్చేంత పడిపోతుంది, కాబట్టి ఎవరో ఇచ్చారని మింగెయ్యకండి. మాత్రలతో నాకు పెద్దగా లాభం కనిపించలేదు, వ్యాక్యూమ్ పంప్ చెప్పారు, గాలి లాగేసి అంగంలోకి రక్తం రప్పించి, అది ఆగడానికి మొదట్లో రింగు వేసే పరికరం. అది ఇంటికి వచ్చిన రోజు మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మంచం మీద బాసింపట్టు వేసుకుని ఆ కాగితం మొత్తం పైకి చదివింది, "రింగు అరగంటకి మించి ఉంచరాదు, నిద్రపోరాదు. వింటున్నారా? నిద్రపోరాదట." ఇద్దరం పడీ పడీ నవ్వాం, నవ్వితే నాకు లీకైంది, దానికి మళ్ళీ నవ్వు. ఆ రోజు పంప్ వాడలేదు. కానీ అన్ని నెలలుగా నేను గోడవైపు తిరిగి పడుకోవడం ఆ రోజుతో పోయింది. ఆవిడ అనుకున్నది ఏంటంటే నాకు తనమీద ఇష్టం పోయిందని, నేను అనుకున్నది ఆవిడకి నేను పనికిరానని. ఒక్కరం నోరు తెరిచి అడిగి ఉంటే సరిపోయేది.

పీఎస్‌ఏ టెస్ట్ మొదట్లో మూడు నెలలకోసారి. ఆపరేషన్ అయినవాళ్ళకి 0.1 కంటే కిందకి వెళ్ళాలి, 0.2 అయి మళ్ళీ చేసినా అంతే ఉంటే తిరగబెట్టినట్టు లెక్కేస్తారు. రేడియేషన్ వాళ్ళ లెక్క పూర్తిగా వేరు, గ్రంథి లోపలే ఉంటుంది కాబట్టి నెమ్మదిగా ఏడాది, రెండేళ్ళు దిగుతూ వస్తుంది, మధ్యలో ఓసారి కాస్త ఎగిరి మళ్ళీ దిగొచ్చు కూడా. మా బావగారికి 0.4 నుంచి 0.9కి ఎగిరితే నా రిపోర్టు పక్కన పెట్టుకుని చూసి అయిపోయానన్నారు. వాళ్ళకి అన్నిటికంటే కిందకి దిగిన అంకె మీద 2 పెరిగితేనే తిరగబెట్టిందంటారని డాక్టర్ చెప్పాక గానీ కుదుటపడలేదు. ఒకరి రిపోర్టుతో ఇంకొకరిది పోల్చుకోకండి బాబూ.

మా పెద్దాడికి 45 రాగానే పీఎస్‌ఏ చేయించుకోమని చెప్పా, తండ్రికి ఉంటే కొడుక్కి రిస్క్ ఎక్కువ కాబట్టి మామూలు వాళ్ళకంటే ముందే మొదలుపెట్టాలి. వాడు సరే అన్నాడు, వాళ్ళావిడ ఫోన్‌లో రిమైండర్ పెట్టింది, నాకు ఆ అమ్మాయి మీదే నమ్మకం.

సర్జరీయా రేడియేషనా అని నన్ను అడిగేవాళ్ళకి నేను సలహా ఇవ్వను గానీ, డాక్టర్‌ని ఏమడగాలో చెప్తా. మీరిలాంటివి ఎన్ని చేశారు అని అందరూ అడుగుతారు. దాంతో పాటు, మీ పేషెంట్లలో ఏడాదికి ఎంతమందికి లీక్ ఆగింది అని అడగండి, ఆగింది అంటే మీ లెక్కలో ఏంటి అని కూడా అడగండి. ఎందుకంటే కొన్ని లెక్కల్లో రోజుకో ప్యాడ్ జాగ్రత్తకి పెట్టుకునేవాణ్ణి కూడా "ఆగిపోయింది" కిందే రాస్తారు. నేనూ ఆ లెక్క ప్రకారం ఎప్పుడో బాగైపోయినవాణ్ణే, బయటికెళ్తే ఇప్పటికీ ఒకటి పెట్టుకునే వెళ్తా.