ఎవ్వరికీ చెప్పకక్కా

"అక్కా, నీకొక మాట చెప్త. ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యి" అన్నది ఆ పిల్ల. నేను ఒట్టెయ్యలేదు. వెయ్యడానికి నాకు వీల్లేదు.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. అమెరికాలో ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఆ అమ్మాయిది నాగర్‌కర్నూల్. ఎం.ఎస్. చదువుతూ క్యాంపస్ క్యాంటీన్‌లో పని చేసుకుంటోంది. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో మామూలుగా వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్ లోపలే చేసుకోవాలి. తిండి, అద్దె ఆ 20 గంటల్లోంచే రావాలి. ఎవరికి ఎన్ని గంటలో రాసేది మన తెలుగు సీనియరే.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మాకు ట్రైనింగ్ ఇచ్చారు. స్టూడెంట్ ఎవరైనా వేధింపు గురించి నాతో చెబితే నేను టైటిల్ నైన్ ఆఫీసుకు, అంటే యూనివర్సిటీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఆఫీసుకు, తెలియజేసి తీరాలి. గుట్టుగా ఉంచగలిగేది కౌన్సెలర్ల లాంటి కొద్దిమందే. అందుకే ఆమె మొదలుపెట్టకముందే ఆ సంగతి చెప్పేశాను. "నువ్వు చెప్పినంక నేను ఆఫీసుల చెప్పాలె. వద్దనుకుంటే కౌన్సెలర్ దగ్గరికి తోల్కపోత, ఆమె ఎవరికీ చెప్పదు" అన్నాను. పిల్ల చాలాసేపు టీ కప్పు అంచును గోరుతో గీరుతూ కూర్చుంది. పేపర్ కప్పు. అంచు చుట్ట విడిపోయి పైకి లేచింది. అప్పుడు ఫోన్ నా ముందు పెట్టింది.

రాత్రి 12:40కి ఆ సీనియర్ నుంచి మెసేజ్. "కార్ల కూసుందాం రా." జవాబివ్వకపోతే మర్నాడు షిఫ్ట్ కట్. అలాంటివి పదకొండు. వీటన్నిటికంటే ముందు ఇంటిపేరు అడిగాడట. దాంతో కులం అర్థం కాక "మీరు ఎవలోళ్ళు?" అన్నాడట. చెప్పాక నవ్వి, "రిజర్వేషనోళ్ళు ఈడిదాంక వచ్చిండ్రా" అన్నాడట. మెసేజులు చూపించేటప్పుడు ఏడవని పిల్ల ఈ మాట దగ్గర ఏడ్చింది. మా ఊరి హోటల్లో మా నాయన కోసం విడిగా పెట్టిన గ్లాసు నా కళ్ళ ముందుకొచ్చింది. నాయన తాగి, తనే కడిగి, చూరులో పెట్టి వచ్చేవాడు.

"వీసా పోతదా అక్కా? మా అమ్మకు తెలుస్తదా?" ఆమె భయమంతా ఈ రెండే. ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు, ఆఫీసువాళ్ళు ఇంటికి ఫోన్ చెయ్యరు అని ఎన్నిసార్లు చెప్పానో.

నేను రిపోర్ట్ పంపాక ఆమెకు ఈమెయిల్ వచ్చింది. నీకేం కావాలి అని అడిగారు. జవాబివ్వడం, ఇవ్వకపోవడం నీ ఇష్టం అన్నారు. ఆమె ఇంకా రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టకముందే షిఫ్టులు రాసే పని వేరేవాళ్ళకిచ్చారు. ఒకరినొకరు పలకరించకూడదని ఇద్దరికీ కాగితం ఇచ్చారు. టైటిల్ నైన్ అనే 1972 నాటి అమెరికా చట్టంలో ఒక్క వాక్యం మీద నిలబడ్డ ఏర్పాటు ఇదంతా: ప్రభుత్వ నిధులతో నడిచే చదువుల చోట ఆడ, మగ అన్న కారణంతో ఎవరికీ అన్యాయం జరగకూడదు. జరిగితే నిధులకే ముప్పు. ఆ భయం కూడా ఉండాల్సిందే అంటాను నేను.

కులం దగ్గరికొచ్చేసరికి ఫారంలో గడి లేదు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, అన్నిటికీ ఉన్నాయి. ఆమె "ఇతర" అన్న చోట రాసింది. ఇంటిపేరుతో కులం ఎట్లా తెలుస్తుందో ఆఫీసు మేడమ్‌కు నేను గంటసేపు వివరించాను. 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తమ నిబంధనల్లోకి కులాన్ని పేరు పెట్టి చేర్చాయి. పేరు పెట్టి రాయాలా అని మనవాళ్ళే నన్ను అడుగుతుంటారు. రాయాలి. గాయపడ్డ పిల్ల ముందు కూర్చుని ఆ గంట పాఠం ఇంకెవరూ చెప్పాల్సిన పని ఉండకూడదు.

మొన్న డిసెంబర్‌లో నల్లగొండ వచ్చాను. అక్క బిడ్డ డిగ్రీ రెండో సంవత్సరం. "మీ కాలేజీల ఐసీసీల ఎవరున్నరే?" అంటే "గదేంది చిన్నమ్మా?" అన్నది. ఐసీసీ అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ. 2013 చట్టం కింద అది కాలేజీలో ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు, ఒకరు బయటివాళ్ళు. ఫిర్యాదుకు 3 నెలల గడువు, విచారణకు 90 రోజులు. కాగితం మీద మన చట్టం ఏం తక్కువ కాదు.

మర్నాడు ఇద్దరం కాలేజీకి పోయి వెతికాం. బోర్డు ఉంది. స్టాఫ్ రూం పక్క నడవాలో, ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు వెనక. తలుపు మూస్తే తప్ప కనబడదు. పేర్లు నాలుగు, ఫోన్ నంబరు ఒక్కటి.

పిల్ల అక్కడే నిలబడి ఆ నంబరుకు చేసింది. అవతల ఎవరో మేడమ్ ఎత్తారు. "నేను వనపర్తికి ట్రాన్స్‌ఫరై రెండేండ్లయింది బిడ్డా" అన్నారు. పెట్టేస్తారనుకున్నాం.

"అయినా చెప్పు. ఏమైంది?"