సింకు ఇంకా నీలంగానే ఉంది

పదకొండున్నరైంది. మూడుసార్లు తోమినా సింకు నీలం వదల్లేదు.

చిన్నదాని స్కూల్లో ఏదో క్రాఫ్ట్ ప్రాజెక్టట, "మార్బ్లింగ్". ట్రేలో షేవింగ్ ఫోమ్ పిండి, పైన రంగులు చల్లి, పుల్లతో తిప్పి కాగితం అద్దాలి. ఈయన డబ్బా మొత్తం ఖాళీ. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఎవర్ని కేకేస్తారో మీకు తెలుసుగా.

నాకు ఒళ్ళు మండింది. అసలుది నీళ్ళ మీద చేస్తారే! టర్కీలో ఎబ్రూ అంటారు. చెట్టుజిగురుతో చిక్కబడ్డ నీళ్ళ మీద, పశువుల పిత్తం కలిపిన రంగులు చిలకరిస్తారు. పిత్తం లేకపోతే రంగు సరిగ్గా పరుచుకోదు. గులాబీ కొమ్మకి గుర్రపు వెంట్రుకలు కట్టిన కుంచె. మన దక్కనులోనే, బీజాపూరులో, 17వ శతాబ్దంలో ఈ పద్ధతిలో ఎముకలు తేలిన గుర్రం బొమ్మ వేశారు, ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఎబ్రూ మా ఇంట్లో గడ్డం నురగకి దిగింది. చెప్పబోతే "అమ్మా, రేపే సబ్మిషన్" అంది.

కోపం దాని మీద కాదేమోలే. తాతయ్య కొట్టు ఖాతా పుస్తకం గుర్తొచ్చింది. మూసిపెడితే అంచులన్నీ ఎర్రగా, నీలంగా నెమలీకలా ఉండేవి. ఏడేళ్ళప్పుడు అందులో ఒక తెల్ల కాగితం సగానికి చింపి పడవ చేశాను. రాసిన పేజీ కాదుగా, ఎవరికి తెలుస్తుందిలే అని. సాయంత్రం తాతయ్య పుస్తకం తెరవనే లేదు. అంచు మీద బొటనవేలు రాసి, "ఒక కాగితం ఎక్కడికో వెళ్ళిందే అమ్మడూ" అన్నారు. మంత్రం అనుకున్నా! కాగితం పోతే అంచు మీది చారలు తెగి తెలిసిపోతాయట, లెక్కల పుస్తకాలకి ఆ రంగులు అందుకేనట. ఇది నాకు పెళ్ళయ్యాక తెలిసింది. కాలవగట్టున దొరికిన పడవ అంచుకీ సన్నగా ఎరుపు. తిట్టలేదు. విప్పి, ఆరబెట్టి, దాని చోట్లోనే పెట్టారు.

ఇప్పుడే వెళ్ళి చిన్నదాని కాగితం చూసొచ్చా. బాగుంది, ఏం చేయను. రంగు మునక్కుండా పైన నిలబెట్టడమేగా, జిగురైతేనేం, నురగైతేనేం. పొద్దున అరిచినవన్నీ అరవాల్సినవి కాదు. సింకు గురించి అరిచింది మాత్రం సరైనదే.

ఖాతా పుస్తకం పెదనాన్న వాళ్ళ అటక మీదే ఉండాలి. ఆదివారం ఫోన్ చేసి అడగాలి. ముందు పాలవాడు వచ్చేలోపు ఫోమ్ డబ్బా ఎక్కడ దొరుకుతుందో చూడాలి.