కాగితం తొక్కని పిల్లవాడు

బావగారు పెద్ద మాట ఏమీ అనలేదు. అయినా పదకొండున్నర దాటింది, పెరుగు తోడు వేశాను, గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసి వచ్చాను, నిద్ర మాత్రం రావడం లేదు. ఆ మాట పక్కలో పడ్డ ఇసుకలా గరగరలాడుతోంది. రాస్తే తప్ప పోయేలా లేదు.

ఆదివారం కదా, బావగారూ అక్కయ్యా భోజనానికి వచ్చారు. ముక్కల పులుసు, కారం పెట్టిన వంకాయ, అప్పడాలు. చిన్నది ఎప్పటిలాగే తంజిరో ఊసెత్తింది. తంజిరో అంటే ‘డీమన్ స్లేయర్’ కథానాయకుడు, రాక్షసులతో పోరాడే కుర్రవాడు. అది జపాన్ మాంగా, అంటే బొమ్మల కథ. దాన్నే యానిమేషన్ ధారావాహికగానూ సినిమాలుగానూ తీశారు. మా ఇంట్లో ఆ సంగతి మీకు కొత్త కాదు. తంజిరో అంగీలాంటి ఆకుపచ్చా నలుపూ గళ్ళ కాగితాలు చిన్నదాని గది గోడ మీద ఇంకా అలాగే ఉన్నాయి. కానీ ఇవాళ అది చెప్పింది నాకు కొత్త విషయం. ఆ కథకు మొదట తంజిరో కథానాయకుడు కాదట. రచయిత గొతోగే కొయోహారు 2013లో కొత్త రచయితల పోటీకి పంపిన చిన్న మాంగాలో ఉన్నది వేరే కత్తివీరుడు. ఆ ఊహనే పెంచి ధారావాహికగా వేయమని ఇచ్చినప్పుడు, ఆ నాయకుడికి చూపు లేదు, ఒక చేయి లేదు, రెండు కాళ్ళూ కృత్రిమమైనవి, మాట్లాడడం బహు తక్కువ. ‘షోనెన్ జంప్’ అనే మాంగా పత్రిక దాన్ని ఒప్పుకోలేదు. అప్పుడు సంపాదకుడు కతయామా తత్సుహికో, ఈ లోకంలో కాస్త మామూలు మనిషి, కాస్త వెలుగున్న మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగారట. బొగ్గులమ్మే కుర్రవాడు ఒకడున్నాడు, ఇంటిల్లిపాదినీ చంపేశారు, చెల్లెలు రాక్షసి అయిపోయింది అని రచయిత చెప్పారట. ఎక్కడో పక్కన ఉన్న ఆ కుర్రవాడే తంజిరో అయ్యాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. పులుసు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బావగారు అప్పడం విరుచుకుంటూ, “ఓహో, అంటే ఆ మంచితనం కూడా అడిగితే వడ్డించినదేనన్నమాట. ఏది అమ్ముడుపోతుందో వాళ్ళకు బాగా తెలుసు” అన్నారు. ఈయన నవ్వారు. చిన్నది తల దించుకుని అన్నం కలుపుకుంది. అంతే జరిగింది.

ఇంత చిన్న మాటకు ఇంత కోపమా అంటారేమో. కోపం ఈ ఒక్క మాట మీద కాదు. బావగారికి ఏ మంచి కనిపించినా దాని అడుగున ధర చీటీ వెతకడం అలవాటు. గుళ్ళో అన్నదానం జరిగితే పన్ను మినహాయింపు అంటారు. ఎదురింటి అబ్బాయి ముసలాయన్ని ఆసుపత్రికి తీసుకువెళితే ఇల్లు రాయించుకోవడానికి అంటారు. ఒక్కోసారి ఆయన మాట నిజమే అవుతుంది, అదే నన్ను ఇంకా బాధ పెడుతుంది. పన్నెండేళ్ళ పిల్ల ఒక కల్పిత మనిషి దయను నమ్ముకుని, తన స్నేహితురాలితో పోట్లాడిన రోజున కూడా “తంజిరో అయితే ఏం చేసేవాడు” అని ఆలోచించుకుంటుంటే, దాని కంచం పక్కన కూర్చుని అదంతా వ్యాపారం అనడం ఎందుకు? పెద్దవాళ్ళు ప్రపంచం ఎరిగినవాళ్ళే, కాదనను. ఎరిగినదంతా అప్పడంతోపాటు పంచాలా? నేను కూడా ఏమీ అనలేకపోయాను. “మరి కాస్త పులుసు వేయమంటారా బావగారూ” అన్నాను. నా మీద నాకు వచ్చిన కోపమే సగం.

గిన్నెలు తోముతూ అనుకున్నాను, ఆయన అన్నది నిజమైతే? కొట్టివేయడానికి లేదు. ఆ మాంగా 2016 ఫిబ్రవరి నుంచి 2020 మే వరకు 205 అధ్యాయాలు నడిచింది, 23 సంపుటాలు. 2020లో వచ్చిన రైలు సినిమా జపాన్‌లో అప్పటిదాకా వచ్చిన సినిమాలన్నిటినీ దాటి నాలుగు వేల కోట్ల యెన్ల పైన వసూలు చేసింది. కళ్ళూ కాళ్ళూ లేని ఆ మౌనవీరుడే ఉండి ఉంటే ఇంత జరిగేదా? జరిగేది కాదు. అలాంటప్పుడు దయ అనేది ఒక మంచి సరుకు అని తేలిపోయినట్టేనా? పైగా ఆ పిల్లవాడు నాకు మొదట్లో నచ్చనే లేదు. యుద్ధం మధ్యలో తనకు ఏమవుతోందో తానే చెప్పుకుంటాడు, అరుస్తాడు. ఆ యానిమేషన్ ధారావాహిక రెండో భాగానికే లేచి వెళ్ళి బట్టలు మడతపెట్టుకున్నదాన్ని.

నన్ను తిరిగి కూర్చోబెట్టింది పదమూడో భాగం. దాని గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదు.

క్యోగై అనే రాక్షసుడు ఉంటాడు. ఒంటినిండా డోళ్ళు. ఒక్కోటి కొట్టినప్పుడల్లా గది తిరిగిపోతుంది, నేల గోడ అవుతుంది, గోడ పైకప్పు అవుతుంది. ఈ రాక్షసుడు ఒకప్పుడు రచయిత. ఏదో రాసుకునేవాడు. పరిచయస్థుడొకడు వచ్చి, నీ రాతలు చెత్త అని చెప్పి, ఆ కాగితాల మీద కాలు వేసి తొక్కాడు. తంజిరోతో యుద్ధం చేస్తున్నప్పుడు ఆ పాత కాగితాలు గదిలో చెల్లాచెదురుగా పడతాయి. తంజిరోకు అప్పటికే పక్కటెముకలు విరిగి ఉన్నాయి, కాలు విరిగి ఉంది. గది తలకిందులవుతోంది, కత్తుల్లాంటి గోళ్ళు మీదికొస్తున్నాయి. కింద రాసిన కాగితం కనిపించగానే దాన్ని తొక్కకుండా కాలు పక్కకు వేస్తాడు. అలా కాలు మార్చి వేయడంలోనే, విరిగిన ఎముకలకు నొప్పి తగలకుండా ఎలా కదలాలో, ఊపిరి ఎలా తీయాలో అతనికి దొరుకుతుంది. ఆ తరువాత గెలుస్తాడు.

ఇది చూసి నేను ఏడ్చాను. కాలికి కాగితం తగిలితే కళ్ళకు అద్దుకోవాలని నేర్పిన ఇంట్లో పుట్టినదాన్ని, ఏడవకుండా ఎలా ఉంటాను? అసలు సంగతి అది కాదులెండి, నాన్న.

నాన్న కథలు రాసేవారని మీకు చెప్పాను, అవి అచ్చు కాలేదనీ చెప్పాను. తెల్ల కాగితానికి ఒకవైపే, అంచు వదిలి, బడి నుంచి వచ్చాక అరుగు మీద కూర్చుని రాసేవారు. తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేసి పంపేవారు. ఆ కవరు మీద చిరునామా నాన్న దస్తూరీలోనే ఉంటుంది కనుక, పోస్టుమాన్ చేతిలో చూడగానే తిరిగి వచ్చిందని మాకు దూరం నుంచే తెలిసిపోయేది. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం సాయంత్రం అలాగే ఒక కథ తిరిగి వచ్చింది. నాన్న దాన్ని విప్పి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళారు. గోదావరి వైపు నుంచి గాలిదుమ్ము లేచింది. కాగితాలన్నీ వీధిలోకి, పెరట్లోకి, కాలువ గట్టుకు. సరిగ్గా అప్పుడే నాన్నకు తెలిసిన ఒకాయన వచ్చారు. ఆయన చెప్పులతో ఆ కాగితాల మీదుగా నడిచి వచ్చి, ఒకటి చేతిలోకి తీసుకుని రెండు వాక్యాలు చదివి, “ఏమిటి మాస్టారూ, ఇంకా కాగితాలు నలుపు చేస్తూనే ఉన్నారా” అని నవ్వారు. చేతిలో ఉన్నది మళ్ళీ కిందనే వదిలేశారు. నాన్న ఏమీ అనలేదు. కూర్చోమన్నారు. కాఫీ ఇప్పించారు.

ఆయన వెళ్ళాక మామ్మ లేచింది. మామ్మకు చదువు రాదు. కొంగు నడుముకు దోపుకుని, వీధిలో వంగి వంగి ఒక్కొక్క కాగితమూ తీసి, దుమ్ము దులిపి, కళ్ళకు అద్దుకుని నా చేతికి ఇచ్చింది. “అంకెలు చూసి వరసగా పెట్టవే” అంది. పద్నాలుగు కాగితాలు. తొమ్మిదో కాగితం మీద చెప్పు అచ్చు పడింది. మామ్మ దాన్ని కొంగుతో తుడిచింది, పోలేదు. అప్పుడు నాన్నను పిలిచి, “ఇందులో ఏం రాశావురా, చదువు” అంది. నాన్న వద్దన్నారు. ఆవిడ వినలేదు. నాన్న నిలబడే, ఆ ఒక్క కాగితం మాత్రం చదివారు, ముందూ వెనకా లేకుండా. మామ్మ చివరిదాకా విని, “బాగుందిరా” అంది. ఓదార్పు కాదు అది. ముద్దు చేయడం కాదు. పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆ తరువాత, “కానీ ఆ ముసలమ్మ అలా అబద్ధమాడకూడదు” అని కూడా అంది, కథలోని ముసలమ్మ గురించి. నాన్న ముఖం అప్పుడు ఎలా ఉందో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

క్యోగై తల తెగి పడ్డాక అడుగుతాడు, నా విద్య గొప్పదేనా అని. గొప్పగానే ఉంది, కానీ మనుషులను చంపినందుకు మాత్రం క్షమించను అంటాడు తంజిరో. రెండూ ఒకే ఊపిరిలో. ఆ గొంతు జపాన్ నటుడు హనాయే నత్సుకిది. చిన్నదాని పుణ్యమా అని ఆ ఒక్క చోటు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. దయ చూపించాలని గొంతు మెత్తబరచడు. అప్పటికి తంజిరో ఊపిరి సరిగ్గా ఆడడం లేదు, ఒళ్ళంతా దెబ్బలు, ఆ అలసటతోనే, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. మామ్మ గొంతే. జాలిపడి చెప్పి ఉంటే ఆ రాక్షసుడికి కన్నీళ్ళు వచ్చేవి కావు.

ఇదే హనాయే 2014లో ‘టోక్యో గూల్’లో కనెకికి కూడా గొంతు ఇచ్చారు. అది ఇంతకన్నా చీకటి కథ. కనెకి కూడా మంచివాడే, ఇతరులను నొప్పించడం కన్నా తాను నొప్పి పడడం మేలనుకునే పిల్లవాడు. అక్కడ హింస భరించి భరించి ఆ గొంతు ఒక చోట విరుగుతుంది, జుట్టు తెల్లబడుతుంది, మనిషి మారిపోతాడు. తంజిరోలో ఆ విరగడం లేదు. చుట్టూ ఎంత నెత్తురున్నా ఆ గొంతు ఇంటికి వచ్చినట్టు తిరిగి అదే చోటికి వస్తుంది. ఒకే మనిషి రెండు దారులూ నడిచి చూపించారు. విరగడం కన్నా విరగకుండా నిలబడడమే నటుడికి కష్టమని నాకు అనిపిస్తుంది. విరిగే చోట కనీసం అరవడానికి అవకాశం ఉంటుంది.

ఇంకొకటి. క్యోగైని తంజిరో ‘కిమి’ అని పిలుస్తాడు. జపనీస్‌లో ఎదుటి మనిషిని పిలవడానికి తిట్టులాంటి మాటలు చాలానే ఉన్నాయి, ఇది అలాంటిది కాదు. దీన్ని తెలుగులో ఏమనాలి? ‘నువ్వు’ అంటే చాలదు, ‘మీరు’ అంటే ఎక్కువ. 2025 సెప్టెంబరు 12న మన దగ్గర విడుదలైన ‘డీమన్ స్లేయర్’ సినిమాను మేము తెలుగులోనే చూశాం, బావగారు కింద అక్షరాలు చదవనన్నారు కనుక. తంజిరో తెలుగు మాట్లాడగానే చిన్నది నా చేయి గట్టిగా పట్టుకుంది. దాని తంజిరో దాని భాషలో మాట్లాడుతున్నాడు. ఆ ఆనందం గురించి ఒక టపా రాయాల్సింది, రాయలేదు.

బావగారి మాట దగ్గరికే మళ్ళీ వస్తున్నాను. ఇందాక కోపంలో ఒకటి వదిలేశాను. పులుసు వడ్డించాక చిన్నది పట్టు విడవకుండా ఇంకో సంగతి చెప్పింది. అదే క్యోగై యుద్ధంలో తంజిరో నొప్పి భరిస్తూ, నేను పెద్దకొడుకును కాబట్టి ఓర్చుకున్నాను, రెండోవాణ్ణయితే నా వల్ల అయ్యేది కాదు అనుకుంటాడు. జపాన్‌లో చాలామంది నోట నానిన మాట అది. ఈయన మళ్ళీ నవ్వారు. బావగారు నవ్వలేదు. చేయి కంచంలోనే ఆగింది. కొంచెంసేపటికి, “సరిగ్గానే అన్నాడు” అని పెరుగు అందుకున్నారు.

మామగారు పోయినప్పుడు బావగారికి పందొమ్మిదేళ్ళు. డిగ్రీ మధ్యలో వదిలేసి ఉద్యోగంలో చేరారు. ఈయన ఇంజనీరింగు ఫీజు, ఆడపడుచు పెళ్ళి, అన్నీ ఆయనే. అది ఆయన కోరుకున్న పాత్ర కాదు. వేరే ఏదో కథలో ఉండేవారు, పక్కన నిలబడి ఉన్నవాణ్ణి పిలిచి ‘ఇక నువ్వే’ అన్నారు. అడిగితేనే వచ్చింది ఆ మంచితనం. అడిగితే వచ్చినంత మాత్రాన అది వడ్డన అవుతుందా? కతయామా అడిగారు నిజమే, కానీ అడిగేసరికే ఆ బొగ్గుల పిల్లవాడు రచయిత లోపల ఉన్నాడు, ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని, చెల్లెలితో. ఇది బావగారితో అనవలసింది. ఆయనకు కోపం రాదని ఇప్పుడు అనిపిస్తోంది. ఆయన ధర చీటీ వెతికేది తన మంచికి ఎవరూ ధర కట్టలేదనేమో. లేదు, ఇది నేను ఊహిస్తున్నాను. చిన్నదాని ముఖం ముడుచుకుపోవడం మాత్రం నేను చూశాను, అది ఇంకా తగ్గలేదు నాకు.

నేను పులుసు పోసి ఇచ్చిన స్టీలు డబ్బాను అక్కయ్య మరిచిపోయి వెళ్ళింది. రేపు సాయంత్రం చిన్నది ఇచ్చి వస్తుంది. ఆ పదమూడో భాగం పెదనాన్నకు చూపించమని చెప్పాలి, జపనీస్‌లోనే. ఆయన కింద అక్షరాలు చదవరు కనుక ఇదే పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి. క్యోగైని ‘నువ్వు’ అంటుందో ‘మీరు’ అంటుందో వచ్చాక అడగాలి.