నరాల పరీక్ష రోజు

రాత్రి రెండింటికి కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారేవి. విదిలిస్తే కాసేపటికి తగ్గేది. 17 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. సూదిలోకి దారం ఎక్కించలేకపోయిన రోజున గానీ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందేమో, నెర్వ్ టెస్ట్ చేయించమన్నారు. నరం మీద చిన్న కరెంటు షాకులు పెట్టి, అవసరమైతే కండలో సూది గుచ్చి చూసే పరీక్ష అది.

"అమ్మో, నేను ఏడ్చేశాను" అంది పక్కింటి అక్క. "చీమ కుట్టినట్టు కూడా ఉండదే" అన్నాడు మా మామయ్య. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇద్దరూ నిజమే చెప్పారని తర్వాత తెలిసింది. మామయ్యకు కరెంటు షాకులతో సరిపెట్టారు, అక్కకు నడుము నుంచి పిక్క దాకా చాలాచోట్ల సూది గుచ్చారు.

ఏసీ గదిలో నా చేతులు చల్లబడితే టెక్నీషియన్ అమ్మాయి వేడినీళ్ల సంచి పెట్టింది. చర్మం చల్లగా ఉంటే నరంలో సంకేతం నెమ్మదిస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుందట. మణికట్టు దగ్గర షాక్ పెట్టగానే బొటనవేలు దానంతటదే ఎగిరింది. ఉలిక్కిపడ్డాను గానీ నొప్పి లేదు. మోచేతి దగ్గర మాత్రం జివ్వుమంది.

ఆ తర్వాత సూది. అరచెయ్యి వెల్లకిలా పెట్టించి, బొటనవేలి కింద కండలో గుచ్చి, వేలు పైకెత్తమన్నారు డాక్టరు. ఆ సూదిలో కరెంటు ఉండదు. కండ కదిలితే మిషన్‌లోంచి రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆపమంటే ఆపుతానమ్మా" అన్నారు. ఒకసారి ఆపించుకున్నాను కూడా.

బయట బల్ల మీద ఒక పెద్దాయన, షుగర్ పేషెంటు. కాళ్లకు షాకులు పెట్టినా ఏమీ తెలియలేదన్నాడు. అదృష్టవంతుడు అనుకున్నాను. అప్పుడు ఆయన మడమకున్న కట్టు చూశాను. మేకు దిగిన సంగతి నేల మీద రక్తం చూసేదాకా తెలియలేదట.

నా నరం మణికట్టు దగ్గరే నొక్కుకుపోయిందని తేలింది. మూడు నెలలు రాత్రిపూట పట్టీ కట్టుకున్నా తగ్గక, చెయ్యి వరకే మత్తిచ్చి చిన్న ఆపరేషన్ చేశారు. రాత్రి తిమ్మిరి ఆ వారంలోనే పోయింది. కత్తెర గట్టిగా పట్టడానికి మాత్రం నెలలు పట్టింది.

మొన్న మా ఆడపడుచుకు ఇదే పరీక్ష రాశారు. "నొప్పి ఉంటుందా వదినా?" అని అడిగింది. నాకు షాక్ నొప్పెట్టలేదు, సూది నొప్పెట్టింది, నీకెలా ఉంటుందో నేను చెప్పలేను, తట్టుకోలేకపోతే ఆపమని అడుగు, నేనూ నీతో వస్తాను అన్నాను.